డీజిల్ కార్లు: కొత్తవాటి లాభనష్టాలు, పాతవాటి లాభనష్టాలు

డీజిల్ కారు కొనదలచినవారి ముందు నేడు రెండు మార్గాలున్నాయి. ఒకటి, భారత్ స్టేజ్-6 ప్రమాణాలతో తయారైన కొత్త కారు. రెండవది, అంతకు పూర్వపు ప్రమాణాలతో తయారై, చేతులు మారుతూ రహదారులపై తిరుగుతున్న పాత కారు. కొత్తది కాలుష్యరహితమని, పాతది చౌక అని సాధారణంగా భావిస్తారు. ఈ అభిప్రాయం కొంతవరకే నిజం. కొత్త కారులోని కాలుష్య నియంత్రణ పరికరాలు సక్రమంగా పనిచేయాలంటే కారును నడిపే తీరు, ఇంజన్ ఆయిల్, నిర్వహణ తగినవిధంగా ఉండాలి. అవి లేనిచోట యజమాని వ్యయభారానికి గురవుతాడు. ఆ భారాన్ని తప్పించుకునేందుకు పరికరాన్నే తొలగిస్తే నష్టం ప్రజారోగ్యానికి కలుగుతుంది.

ప్రమాణాల క్రమం

హైదరాబాదు సహా దేశంలోని 13 నగరాలలో 2010 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్-4 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. దేశమంతటా అవి 2017 ఏప్రిల్ 1న అమలయ్యాయి. స్టేజ్-3 వాహనాల అమ్మకాన్ని, రిజిస్ట్రేషన్‌ను ఆ తేదీ నుంచి నిలిపివేస్తూ 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చింది. ఐదవ దశను విడిచిపెట్టి, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా నేరుగా స్టేజ్-6 ప్రమాణాలను ప్రవేశపెట్టారు.

ఇంధనంలోనూ ఇదే క్రమంలో మార్పు వచ్చింది. స్టేజ్-3 డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలలో 350 భాగాల వరకు ఉండేది. స్టేజ్-4లో ఈ పరిమితి 50కి, స్టేజ్-6లో 10కి తగ్గింది. డీజిల్ కారు నుంచి కిలోమీటరుకు వెలువడే మసి కణాల పరిమితి స్టేజ్-4లో 25 మిల్లీగ్రాములు కాగా, స్టేజ్-6లో 4.5 మిల్లీగ్రాములు. నత్రజని ఆక్సైడ్ల పరిమితి 250 మిల్లీగ్రాముల నుంచి 80 మిల్లీగ్రాములకు తగ్గింది. డీజిల్ పొగ మానవులలో క్యాన్సర్ కలిగించే కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో నిర్ధారించింది. ఈ నేపథ్యంలో పై అంకెలకు ఎంతో ప్రాధాన్యం ఉన్నది.

పాత ఇంజన్లలోని సౌలభ్యం

అంబాసిడర్ డీజిల్, 1998లో విడుదలైన తొలితరం ఇండికా వంటి కార్లలో ఇంధన పంపు యాంత్రికంగా పనిచేసేది. లోపం తలెత్తితే మండల కేంద్రంలోని మెకానిక్ సైతం దానిని గుర్తించి సరిచేయగలిగేవాడు. విడిభాగాల ధర తక్కువ. ఇంజన్ ఆయిల్ విషయంలోనూ పట్టింపులు స్వల్పం. రోజుకు నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగినా ఇటువంటి కారులో మూసుకుపోయే వడపోత ఏదీ లేదు.

అయితే పాతవన్నీ ఇంత సరళమైనవని భావించరాదు. తరువాతి కాలంలో వ్యాప్తిలోకి వచ్చిన కామన్ రైల్ ఇంజన్లలో ఇంధనాన్ని వాతావరణ పీడనానికి వేయి రెట్లకు మించిన ఒత్తిడితో చిమ్ముతారు. వీటి వల్ల మైలేజీ, శక్తి పెరిగాయి, శబ్దం తగ్గింది. కాగా కల్తీ డీజిల్‌ను, నీటి తేమను ఇవి తట్టుకోలేవు. ఇటువంటి పాత కారును కొనేవారు ఇంజెక్టర్లు, పంపు, టర్బోచార్జర్ల స్థితిని ముందుగానే పరీక్ష చేయించుకోవలసి ఉంటుంది. కొనుగోలులో మిగిలిన సొమ్ము ఒక్క మరమ్మతుతోనే ఖర్చయ్యే అవకాశమున్నది.

కొత్త కారు కోరే వాడకం

స్టేజ్-6 డీజిల్ కారు పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే వడపోతను అమర్చుతారు. ఇది తేనెపట్టు వంటి గదులున్న పరికరం. ఇందులో పేరుకున్న మసిని ఎప్పటికప్పుడు కాల్చివేయాలి. ఇందుకు సుమారు 600 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అవసరం. జాతీయ రహదారిపై నిలకడైన వేగంతో సాగే ప్రయాణంలో ఈ ప్రక్రియ సులభంగా పూర్తవుతుంది. నగర రద్దీలో ఆగుతూ సాగుతూ, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ముగిసే ప్రయాణాలలో ఇది మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు మసి పేరుకొని హెచ్చరిక దీపం వెలుగుతుంది. మసిని కాల్చేందుకు ఇంజన్ అదనంగా వాడే డీజిల్‌లో కొంత ఇంజన్ ఆయిల్‌లో కలిసి, దాని చిక్కదనాన్ని తగ్గించే ప్రమాదమూ ఉన్నది. హెచ్చరికను ఉపేక్షిస్తే వడపోతనే మార్చవలసి రావచ్చు. ఇది ఖరీదైన భాగం.

నత్రజని ఆక్సైడ్లను తగ్గించేందుకు పలు కార్లలో యూరియా ద్రావణాన్ని వినియోగిస్తున్నారు. ఇందులో యూరియా 32.5 శాతం. మిగిలినది శుద్ధి చేసిన నీరు. దీనికి ప్రత్యేక ట్యాంకు ఉంటుంది. హెచ్చరికల తరువాత కూడా ద్రావణాన్ని నింపకపోతే, ఒకసారి ఆపిన ఇంజన్ తిరిగి స్టార్టు కాదు. పొలానికి వాడే యూరియాను నీటిలో కలిపి పోయడం ఈ వ్యవస్థను పాడుచేస్తుంది. అదే విధంగా, బూడిద తక్కువగా మిగిల్చే ఇంజన్ ఆయిల్‌నే వాడాలి. మామూలు ఆయిల్ నుంచి వచ్చే బూడిద వడపోతలో నిలిచిపోతుంది. మసి వలె అది కాలిపోదు.

వ్యయాల లెక్క

డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ 2014 అక్టోబరులో తొలగిపోయింది. దానితో పెట్రోలు, డీజిల్ ధరల మధ్య అంతరం తగ్గింది. చిన్న డీజిల్ ఇంజన్లను స్టేజ్-6 స్థాయికి తీసుకురావడానికి అయ్యే వ్యయం దృష్ట్యా మారుతీ సుజుకీ సంస్థ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లను విరమించుకున్నది.

ఇంధన ఆదా కోసమే పాత డీజిల్ కారును మార్చదలచినవారు ఈ ఉదాహరణను పరిశీలించవచ్చు. పాత కారు లీటరుకు 15 కిలోమీటర్లు, కొత్తది 18 కిలోమీటర్లు ఇస్తాయని, డీజిల్ లీటరు 96 రూపాయలని అనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవారికి మిగిలేది సుమారు 133 లీటర్లు, అనగా 12,800 రూపాయలు. ఏడాదికి 40,000 కిలోమీటర్లు తిరిగేవారికి దాదాపు 444 లీటర్లు, అనగా 42,600 రూపాయలకు పైగా మిగులుతుంది. లక్షల రూపాయల కొత్త కారు ధరతో పోలిస్తే మొదటి మొత్తం స్వల్పం. తక్కువగా తిరిగేవారికి ఇంధన ఆదా ఒక్కటే కారు మార్పుకు తగిన కారణం కాజాలదు.

నిబంధనలు

సొంత అవసరాలకు వాడే కారు రిజిస్ట్రేషన్ గడువు 15 సంవత్సరాలు. ఆపై తనిఖీ అనంతరం ఐదేళ్ల చొప్పున పునరుద్ధరిస్తారు. ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 రూపాయలుగా నిర్ణయించారు.

ఢిల్లీ పరిసర ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో నిషేధం విధించింది. దీనిని సుప్రీంకోర్టు 2018లో సమర్థించి, 2025లో కొన్ని సడలింపులు ఇచ్చింది. అక్కడి పాత కార్లు నిరభ్యంతర పత్రంతో తెలుగు రాష్ట్రాలకూ వస్తున్నాయి. వీటిని కొనేవారు అమ్మకపు ధరతోపాటు ఇక్కడ చెల్లించవలసిన జీవితకాల పన్నును, మిగిలిన రిజిస్ట్రేషన్ గడువును లెక్కలోకి తీసుకోవాలి. 2010, 2017 సంవత్సరాల మధ్య తయారైన కారు స్టేజ్-3కు చెందినదో, స్టేజ్-4కు చెందినదో రిజిస్ట్రేషన్ పత్రంలో సరిచూసుకోవాలి.

పొగ తనిఖీ పరిమితి

కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం స్టేజ్-3, అంతకు పూర్వపు వాహనాలకు ఆరు నెలలు, స్టేజ్-4, స్టేజ్-6 వాహనాలకు ఏడాది చెల్లుతుంది. ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయమొకటున్నది. డీజిల్ వాహనాలకు ఈ కేంద్రాలలో పొగ సాంద్రతను మాత్రమే కొలుస్తారు. నత్రజని ఆక్సైడ్లను గాని, కంటికి కనిపించని సూక్ష్మ కణాల సంఖ్యను గాని కొలవరు. కొత్త కార్ల అనుమతి పరీక్షలలో వాస్తవ రహదారి పరిస్థితులలోని ఉద్గారాలను పరిగణించే విధానం 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చినప్పటికీ, అది ఒక్కొక్క యజమాని కారుకు జరిపే తనిఖీ కాదు. కనుక వడపోతను తొలగించిన కారు ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన శుభ్రమైనదని చెప్పలేము. మోటారు వాహనాల చట్టం ప్రకారం కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు 10,000 రూపాయల వరకు జరిమానా విధించే వీలున్నది.

ఎవరికి ఏది?

జిల్లాల మధ్య తరచుగా దూరప్రయాణాలు చేసేవారికి కొత్త డీజిల్ కారు అనువైనది. వారి ప్రయాణమే వడపోతను శుభ్రపరుస్తుంది, ఇంధన ఆదా కూడా గణనీయంగా ఉంటుంది. నగరంలో స్వల్ప దూరాలు మాత్రమే తిరిగేవారికి అదే కారు భారంగా పరిణమించవచ్చు. వారు పెట్రోలు, సీఎన్‌జీ, విద్యుత్ వాహనాలను పరిశీలించడం మేలు. తక్కువగా తిరిగే పాత కారు సక్రమ నిర్వహణలో ఉంటే, యజమానికి ఆర్థికంగా నష్టమేమీ లేదు. అయితే దాని పొగను పీల్చేది యజమాని ఒక్కడే కాదు. బస్టాపులో నిలిచినవారు, రహదారి పక్కన చిరు వ్యాపారం చేసుకునేవారు, పాఠశాలకు నడిచి వెళ్లే పిల్లలు కూడా దానిని పీలుస్తారు. కొత్త, పాత కార్ల లాభనష్టాలను బేరీజు వేసేటప్పుడు ఈ నష్టాన్ని కూడా లెక్కించవలసి ఉన్నది.