చిక్కుముడులలో గొలుసుల నడక

పండుగనాడు వండిన సేమియా చల్లారి ముద్దకట్టిన తరువాత, అందులోనుండి ఒక్క పోగును తెగకుండా బయటికి తీయడం ఎంత కష్టమో మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. కరిగిన ప్లాస్టిక్కులోని బృహదణువుల స్థితి కూడ అటువంటిదే. వేలకొలది చిన్న అణువులు వరుసగా కూడి ఏర్పడిన ఆ గొలుసులు పరస్పరం పెనవేసుకొని ఉంటాయి. ఒకటి మరొకదానిని ఛేదించుకొని పోజాలదు. మరి అవి కదిలేదెట్లు?

చుట్టూ ఉన్న గొలుసులు కలిసి ప్రతి గొలుసుకు ఒక గొట్టం వంటి దారిని ఏర్పరుస్తాయని 1967లో ఎడ్వర్డ్స్ భావించాడు. పక్కలకు జరిగే వీలు లేదు గనుక గొలుసు పామువలె ఆ దారి వెంబడి ప్రాకవలసినదేనని 1971లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డి జెన్ నిరూపించాడు. (1991లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది.) అయితే ఈ ప్రాకుడుకు గమ్యమంటూ లేదు. ఉష్ణం వల్ల కలిగే తాకిడికి ఒక అడుగు ముందుకు, మరొక అడుగు వెనుకకు పడుతుంది. పైగా పొడవు పెరిగిన కొలదీ ఘర్షణ పెరుగుతుంది. అందుచేత గొలుసు పొడవు రెట్టింపైతే, పాత గొట్టాన్ని విడిచి బయటపడడానికి పట్టే కాలం సుమారు 8 రెట్లవుతుంది. 1994లో స్టీవెన్ చూ బృందం వెలుగునిచ్చే రంగు పూసిన డి.ఎన్.ఎ. పోగును లాగి, అది తన దారి వెంబడే వెనుకకు ముడుచుకొనడాన్ని సూక్ష్మదర్శినిలో కన్నులారా చూచింది.

ఇక గొలుసుకు స్వయంగా నడిచే శక్తి ఉంటే? ఇది కేవలం ఊహ కాదు. జీవకణాలలో మయోసిన్ అనే ప్రోటీను ఎ.టి.పి. శక్తిని వెచ్చించి ఆక్టిన్ పోగులను నెడుతుంది. పోగు పొడవునా ప్రతి భాగం మీదను, పోగు వెంబడి ఒకే దిశలో బలం పనిచేస్తున్నదనుకొందాం. పొడవు రెట్టింపైతే ఘర్షణ రెట్టింపవుతుంది, నెట్టే బలమూ రెట్టింపవుతుంది. కాబట్టి వేగం మారదు. బయటపడే కాలం 8 రెట్లకు బదులు 2 రెట్లే. ఇంకా విశేషమేమంటే, దీర్ఘకాలంలో గొలుసు విసరణ రేటు దాని పొడవుపై ఆధారపడదు. 2019లో మాడ్రిడ్‌కు చెందిన టెజెడోర్, రమీరెజ్ ఈ ఫలితాన్ని ప్రకటించారు. చిక్కుముడులలో పొడవు శాపం కాకపోవడం మాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించింది. నెట్టే దిశ మాటిమాటికీ మారితే మాత్రం ఈ లెక్క చెల్లదు.

2020లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ట్యూబిఫెక్స్ అనే సన్నని పురుగుల ముద్దనే గొలుసుల ముద్దగా తీసుకొని స్నిగ్ధతను కొలిచారు. (మన దేశంలోనూ చేపలు పెంచేవారు వీటిని మేతగా వాడతారు.) నీటిలో కొద్దిగా ఆల్కహాలు కలిపితే పురుగులు తాత్కాలికంగా చలనం మానుతాయి. వేగంగా కలియబెట్టినపుడు చిక్కటి ద్రవం పలుచనయ్యే గుణం, చురుకుగా కదిలే పురుగుల ముద్దలో తక్కువగా కనిపించింది.