ఉపనగర నివాసమును పెట్రోలు వెలయును

పగలు నగరములో పనిచేసి, రాత్రి నగరపు వెలుపల విశ్రమించు జనులు నివసించు చోటునకు ఉపనగరమని పేరు. పల్లెకు తన పొలము కలదు. పట్టణమునకు తన అంగడి కలదు. ఉపనగరమునకు మాత్రము జీవనాధారము వేఱొకచోట నున్నది. కావున దాని బ్రతుకంతయు దారిమీద ఆధారపడియుండును. దారిఖర్చు స్వల్పమైనంతకాలము ఈ సంగతి యెవరికిని తోచదు. ఇంధనపు వెల పెరిగినప్పుడు ప్రతి యింటి జమాఖర్చులలోను అది కానవచ్చును. మన విద్యార్థుల తలిదండ్రులలో పలువురు నగరపు శివారులలో స్థలములు కొనదలచుచున్న ఈ దినములలో, ఈ విషయమును కొంత విచారించుట మేలని మేము తలంచితిమి.

ఉపనగరములు తొలుత రైలుమార్గముల వెంట పెరిగినవి. లండనులో భూగర్భ రైలుమార్గము 1863వ సంవత్సరమున తెఱవబడెను. బొంబాయిలో 1925లోను, మద్రాసు బీచి నుండి తాంబరము వఱకు 1931లోను విద్యుత్తు రైళ్లు నడువ నారంభించెను. ఇట్టి మార్గముల వెంట ఇండ్లు స్టేషను చుట్టును గుంపులుగా వెలసినవి. ఏలయనగా రైలు దిగినవాడు తక్కిన దారిని కాలినడకనే పోవలసియుండెను. మనుష్యుడు నడువగల దూరమే ఊరికి పొలిమేర.

మోటారు కారు ఈ పొలిమేరను చెరిపివేసెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసి సైనికులు ఇండ్లకు మరలిన పిమ్మట, అమెరికా దేశమున న్యూయార్కు నగరమునకు తూర్పుగా లాంగ్ ఐలండులో, లెవిట్ కుటుంబమువారు 1947లో బంగాళాదుంపల పొలములను కొని ఇండ్లు కట్టసాగిరి. 1951 నాటికి అచ్చట 17 వేలకు పైగా ఇండ్లు లేచినవి. ఆ యూరికి లెవిట్టౌన్ అని పేరు. సామాన్యునికి సరసమైన వెలకు ఇల్లు దొరకుట గొప్ప మేలే. అయితే నల్లవారికి ఆ యిండ్లలో చోటు లేదను నిబంధన మొదట ఉండుట ఆ మేలునకు మాయని మచ్చ. 1956లో ఆ దేశపు ప్రభుత్వము 41 వేల మైళ్ల పొడవున రహదారులు వేయుటకు శాసనము చేసెను. అటుపిమ్మట ఇల్లొకచోట, బడి యొకచోట, అంగడి యొకచోట, కచ్చేరి యొకచోట అమర్చుట దేశమంతట అలవాటయ్యెను. పాలు తెచ్చుకొనుటకైనను కారెక్కవలసిన చోట్లు అనేకము లేర్పడినవి.

ఇదంతయు పెట్రోలు చౌకగా దొరకునను నమ్మకముమీద కట్టబడినది. 1973వ సంవత్సరము అక్టోబరు మాసమున అరబ్బు దేశములు అమెరికాకు చమురు పంపుట నిలిపివేసినప్పుడు ఆ నమ్మకము కదలెను. పీపా చమురు వెల కొలది నెలలలోనే దాదాపు నాలుగింతలాయెను. పెట్రోలు అంగళ్లయెదుట కార్లు బారులు తీరెను. 1979లో ఇరాను దేశపు విప్లవమువలన కొఱత మరల కలిగినప్పుడు, ఆ కుటుంబమువారే పెన్సిల్వేనియాలో కట్టిన మరియొక లెవిట్టౌన్‌లో అల్లరులు చెలరేగి కార్లు తగులబడెను.

ఆ కాలమున ఉపనగరముల పని ముగిసినదని పలువురు తలచిరి. వారి తలంపు నెరవేరలేదు. జనులు చిన్న కార్లు కొనిరి. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము నడచు కార్లు చేయవలెనని 1975లో శాసనము వచ్చెను. 1986లో చమురు వెల మిక్కిలి పడిపోయెను. లెవిట్టౌన్ నేటికిని జనులతో నిండియున్నది. కాబట్టి ఇంధనపు వెల పెరిగినంతమాత్రమున ఉపనగరము పాడుపడదు. అయితే దాని భారమును ఎవరు మోయుదురన్నదే అసలు ప్రశ్న.

విద్యార్థులారా, ఒక కాగితము తీసికొని లెక్కవేయుడు. ఇంటికిని పనికిని నడుమ 20 కిలోమీటర్లనుకొందము. పోవుటకు రాకకు 40. నెలకు 25 పనిదినములైనచో 1,000 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు నడచు మోటారుసైకిలునకు 20 లీటర్లు కావలెను. లీటరు 100 రూపాయలైన, నెలకు 2,000 రూపాయలు. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు కారునకు సుమారు 67 లీటర్లు, అనగా 6,700 రూపాయలు. నగరములోకన్న అద్దె 3,000 తక్కువని శివారునకు వెళ్లిన కుటుంబములో, భార్యాభర్తలిరువురును వేఱువేఱు మోటారుసైకిళ్లపై పనికి పోవుచున్నయెడల, ఆ లాభము పోయి 1,000 రూపాయల నష్టమే మిగులును. ఒక్కొక్క ప్రయాణమునకు గంట పట్టినచో నెలకు 50 గంటలు దారిలోనే గడచును. ఈ వ్యయము ఇంటి యజమానికి చెల్లింపకపోయినను అద్దెవంటిదే. ఇది దూరమునకు చెల్లించు అద్దె.

ధనికుడు ఈ అద్దెను గమనింపకయే చెల్లించును. నగరములో ఇల్లు దొరకక దూరము పోయిన బీదవానికి అది పిల్లల ఫీజునుండియు, పుస్తకములనుండియు, పాలనుండియు తీయవలసిన సొమ్ము. 2020లో వ్యాధి ప్రబలినప్పుడు ఇంటనుండియే పనిచేయు పద్ధతి వ్యాపించినది. కాని తాపీపనివానికిని, ఆస్పత్రి నర్సునకును, ఇండ్లలో పాచిపని చేయు స్త్రీకిని అది ఉపకరింపలేదు. విద్యుత్తు బండ్లు పెట్రోలు ఖర్చును తప్పించును, నిజమే. అవి దూరమును తగ్గింపవు, దారిలో పోయిన గంటలను తిరిగి ఈయవు.

హాలండు దేశపువారు మరియొక మార్గమును చూపిరి. 1973 నవంబరు మొదలు కొన్ని ఆదివారములు అచ్చట కార్లు నడుపరాదని ఉత్తరువైనది. ఆ దేశమున యూట్రెక్టు నగరముచెంత హౌటెన్ అను ఉపనగరము కలదు. దాని నడుమ రైలు స్టేషను ఉన్నది. నడచువారికిని సైకిలువారికిని దగ్గఱి దారులు. ఒక పేటనుండి మరియొక పేటకు కారులో పోవువారికి ఊరిచుట్టు తిరుగు దారి. బడులకు పిల్లలు తమంతట తామే సైకిళ్లపై పోవుదురు. ఇది కూడ ఉపనగరమే. పెట్రోలు వెలకు అంతగా వెఱచునది మాత్రము కాదు.

మన సంగతి చూతము. మన దేశము తనకు కావలసిన ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండి తెప్పించుకొనుచున్నది. కావున ఎచ్చటనో యుద్ధము జరిగిన, దాని వేడి మన వంటింటికి తగులును. హైదరాబాదులో లీటరు పెట్రోలు వెల 2021 జూనులో 100 రూపాయలు దాటెను. ఆ నగరమునకు చుట్టును 158 కిలోమీటర్ల వలయ రహదారి వేయబడినది. దాని వెంబడి ఇండ్లును స్థలములును వ్యాపించినవి. 2003లో ఎమ్.ఎమ్.టి.ఎస్. రైళ్లును, 2017 నవంబరులో మెట్రో రైలును వచ్చినవి. రైలు చేరిన పేటకును, రహదారి మాత్రమే చేరిన పేటకును ముందు ముందు భేదము హెచ్చునని మా యభిప్రాయము. అమెరికా ఉపనగరములలో కాపురమున్న మన తెలుగువారికిని ఇది క్రొత్త కాదు; 2022 జూనులో అచ్చట గాలను పెట్రోలు సగటు వెల 5 డాలర్లు దాటినప్పుడు వారును ఈ లెక్క వేసికొనియుందురు.

తలిదండ్రులకు మా మనవి యేమనగా: స్థలము చూచుటకు ఆదివారమునాడు దళారి కారులో పోకుడు. పనిదినమున ఉదయము బస్సులో పోయి చూడుడు. బడి, మందుల దుకాణము, కూరగాయల అంగడి నడిచి చేరదగిన దూరములో నున్నవో లేవో విచారింపుడు. ఇంటి వెలతోపాటు పది సంవత్సరముల దారిఖర్చును కూడ లెక్కింపుడు. వ్యయమును లెక్కింపక గోపురమునకు పునాది వేసినవాని ఉపమానమును మనమందఱమును సండే స్కూలులోనే వినియున్నాము.

విద్యార్థులలో కొందఱు రేపు ఇంజనీర్లు కాగలరు. కొందఱు పురపాలక సభలలో కూర్చుండగలరు. రోడ్డు వేయుటకు ముందే బడికిని అంగడికిని బస్సు నిలుచు చోటికిని స్థలము విడిచినయెడల, పెట్రోలు వెల ఎంత పెరిగినను బీదవాని యిల్లు నిలుచును. అట్టి యూళ్లను కట్టుటకు వలయు తెలివిని మా విద్యార్థులు సంపాదింతురుగాక.