దివిసీమ తీరంలో ఒక పగలు: తిప్పల సంగతి

సముద్రతీరం అనగానే మనలో చాలామందికి విశాఖపట్నం గుర్తుకు వస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, పైన నిలబడి చూస్తే కింద సముద్రం. మన కృష్ణాజిల్లా తీరంలో అటువంటి ఎత్తు ఒక్కటీ లేదు. మంగినపూడికి పోతే కాళ్ళకు నల్ల ఒండ్రు అంటుకుంటుంది, అంతే. "అక్కడ చూడటానికి ఏముందిరా?" అని హాస్టలు మిత్రులు అడిగారు. ఆ ఏమీ లేకపోవడం గురించే ఈ వ్యాసం.

విశాఖది రాతి తీరం. మనది నది తెచ్చి పోసిన నేల. కృష్ణ వేల ఏళ్ళుగా మట్టి మోసుకొచ్చి సముద్రాన్ని వెనక్కి నెట్టింది. మెత్తని ఒండ్రు కొండగా నిలబడదు గదా! అలలు చేయగలిగిందల్లా అందులోంచి ఇసుకను వేరుచేసి ఒడ్డు వెంట వరుసగా పేర్చడం. ఆ వరుసనే తిప్ప అంటాం. పాలకాయతిప్ప అనే ఊరి పేరులోనే అది ఉంది. సముద్రం జరిగినకొద్దీ పాత తిప్పలు లోపలి పొలాల మధ్య మిగిలిపోయాయి. అంటే మనం తాటిచెట్ల దిబ్బ అనుకుని దాటిపోయేది ఒకనాటి సముద్రపు ఒడ్డు కావచ్చునన్నమాట.

జనవరిలో ఒక ఆదివారం నలుగురం హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి దగ్గర బయలుదేరి, పాలకాయతిప్ప మీదుగా సాగరసంగమం వైపు నడిచాం. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ తూర్పుపాయ ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. నడవదలచినవారు తడి ఇసుక మీద నడవండి. రేణువుల మధ్య ఉన్న పలుచని నీటిపొర వాటిని బిగించి పట్టుకుంటుంది. పొడి ఇసుకలో రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కే.

తిప్ప మీద మొదట కనిపించేది బాలబంద తీగ. దాని వెనుక రావణాసురుడి మీసాలు అనే ముళ్ళగడ్డి. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఆ ముళ్ళకు తగిలి ఆగిపోతుంది. గడ్డి కూరుకుపోతుంది, మళ్ళీ పైకి లేస్తుంది, మళ్ళీ ఇసుక పట్టుకుంటుంది. తాపీమేస్త్రీ లేకుండా గోడ లేస్తుంది. దూరంగా బురదలో మడ చెట్లు ఊపిరివేళ్ళు పైకి పెట్టుకుని ఉన్నాయి.

మధ్యాహ్నానికి మా సీసాల్లో నీళ్ళు అయిపోయాయి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన తిప్ప వెనుక చెలమ చూపించి, "బాబూ, లోతుగా తవ్వబాకండి, ఉప్పు తగులుద్ది" అన్నాడు. మూడు సంవత్సరాల డిగ్రీ చదువులో ఇంత క్లుప్తంగా ఎవరూ పాఠం చెప్పలేదు. వాననీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి ఒక అడుగు పైన మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 అడుగుల లోతున మంచినీరు ఉంటుందని లెక్క. తిప్పను తవ్వి పైన నీటిమట్టం ఒక్క అడుగు తగ్గిస్తే కింద నుంచి ఉప్పు ఎంత పైకి వస్తుందో మీరే చూసుకోండి.

ఇక ఉప్పెన. గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. 50 మిల్లీబార్లు తగ్గినా అరమీటరే. మరి 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సుమారు 5 మీటర్ల నీరు ఎట్లా వచ్చింది? మిగతాది గాలి పని. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ కావటంతో, గాలి తోసిన నీరు కిందికి పోయే దారిలేక పైకి లేస్తుంది. లేచిన నీటికి చదునైన నేల మీద అడ్డేదీ? ఆ రాత్రి పోయినవారు 10,000కు పైమాటే. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు.

అప్పుడు మా తాతయ్యకు ఇరవై రెండేళ్ళు. గుడివాడ వైపు నుంచి బియ్యం మూటలతో దివిసీమకు వెళ్ళినవారిలో ఆయనా ఉన్నారు. శవాల సంగతి ఎప్పుడూ చెప్పరు. "నీళ్ళు తీసిపోయాక నేల తెల్లబడిందిరా" అంటారు, అంతే. ఉప్పులోని సోడియం బంకమన్నును విడగొట్టి, నీరు ఇంకకుండా చేస్తుంది. రైతు దాన్నే చౌడు అంటాడు.

మనిషెత్తు తిప్ప 5 మీటర్ల ఉప్పెనను ఆపుతుందని నేను అనను. ఆపదు. అయితే అంత ఉప్పెన ఎప్పుడో గాని రాదు. తరచు వచ్చే చిన్న తుపానుల నీటిని నిలబెట్టేది, పెద్దదాని విసురు కొంత తగ్గించేది తిప్పలూ మడలే. పైగా 1957లో ప్రకాశం బ్యారేజీ, 1967లో నాగార్జునసాగర్ వచ్చాక నది తెచ్చే మట్టి తగ్గింది. ఆ నీళ్ళతోనే మా వరి పండుతోంది కనుక ఆనకట్టలను తిట్టే ముఖం నాకు లేదు. కానీ లెక్క లెక్కే: పోయిన ఇసుకను నది వెనుకటిలా తిరిగి తెచ్చి పోయదు.

తిరుగు దారిలో ఒకచోట తిప్ప తెగి ఉంది. గడ్డి లేదు, రెండు వైపులా ట్రాక్టరు చక్రాల జాడలు. ఆ గండిని అడుగులతో కొలిచాను. పద్నాలుగు అడుగులు వచ్చింది. అందులోంచి చూస్తే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కుప్పనూర్చిన వరిచేలు, రెండూ ఒకే మట్టంలో కనిపించాయి.