ఒక రాష్ట్రం తన కార్బన్ పొల్యూషన్‌ని ఎలా తగ్గించుకుంటుంది? కాలిఫోర్నియా కథ



"క్లైమేట్ చేంజ్ అంటే దేశాలు చూసుకోవాల్సిన విషయం కదా, ఒక రాష్ట్రం ఏం చేయగలదు?" నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. మనవాళ్లు చాలామంది ఉద్యోగాలు చేస్తున్న కాలిఫోర్నియా గురించి చదివాక అభిప్రాయం మారింది.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. ఎవరి పేరూ, ఏ డేటూ లేని టికెట్ ఎప్పటికీ క్లోజ్ అవ్వదు! కాలిఫోర్నియా 2006లో చేసిన ఏబీ 32 చట్టంలో ఆ రెండూ ఉన్నాయి. 2020 కల్లా గ్రీన్‌హౌస్ వాయువులు 1990 నాటి స్థాయికి దిగాలి. దించే బాధ్యత ఎయిర్ రిసోర్సెస్ బోర్డుది.

మొదటి పని లెక్క. 1990లో ఎంత వదిలారు? దాదాపు 43 కోట్ల టన్నులు. పెద్ద ఫ్యాక్టరీలు, పవర్ ప్లాంట్లు ఏటా లెక్క చెప్పాల్సిందే అన్నారు.

రెండోది ప్లాన్. 2008లో బోర్డు కరెంటుకి, వాహనాలకి, ఇంధనానికి విడివిడిగా ఏం చేయాలో రాసింది.

మూడోది రేటు. 2013 నుంచి పెద్ద కంపెనీలు వదిలే ప్రతి టన్నుకీ ఒక పర్మిట్ ఉండాలి. మొత్తం పర్మిట్లు ఏటా తగ్గుతూ వస్తాయి. పొల్యూషన్ తగ్గించుకున్నవాళ్లు మిగిలినవి అమ్ముకోవచ్చు, తగ్గించుకోనివాళ్లు కొనుక్కోవాలి. అంటే పొగకి ధర పడిందన్నమాట.

ఇదంతా ఈజీగా జరగలేదండోయ్. 2010లో ఆ రాష్ట్రంలో నిరుద్యోగం 12 శాతం దాటింది. "ఉద్యోగాలు పెరిగేదాకా ఈ చట్టాన్ని ఆపేద్దాం" అంటూ ఆయిల్ కంపెనీల డబ్బుతో ఓటింగ్ దాకా తెచ్చారు. జనం 60 శాతానికి పైగా వద్దన్నారు. ఆ రోజు ఓడిపోయి ఉంటే కథ అక్కడే ఆగిపోయేది.

ఫలితం? 2020 టార్గెట్‌ని 2016లోనే అందుకున్నారు. ఎక్కువ తగ్గింది కరెంటు రంగంలో. సోలార్, విండ్ పెరిగాయి. కార్లు, ట్రక్కుల పొగ మాత్రం ఇప్పటికీ పెద్ద తలనొప్పే. తర్వాతి టార్గెట్ 2030 కల్లా 1990 కంటే 40 శాతం తక్కువ. అది ఇంకా కష్టం.

మరి మన సంగతి? 2009లో కేంద్రం అన్ని రాష్ట్రాలనీ క్లైమేట్ యాక్షన్ ప్లాన్ రాయమంది. మన రెండు రాష్ట్రాల్లోనూ డిస్కంలు, ఆర్టీసీ బస్సులు ప్రభుత్వాల చేతుల్లోనే ఉన్నాయి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. పైకప్పు చల్లగా ఉంటే ఏసీ తక్కువ తిరుగుతుంది, ఆ మేరకు బొగ్గు తక్కువ కాలుతుంది.

కాబట్టి ఇకపై ఏ ప్రభుత్వం "గ్రీన్" అని ప్రకటన ఇచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. ఎంత తగ్గిస్తారు? ఎప్పటికల్లా? చేయకపోతే జవాబు చెప్పేదెవరు? వీటికి సమాధానం ఉంటే అది ప్లాన్. లేకపోతే అది పోస్టర్ మాత్రమే.

మీ ఊళ్లో ఇలాంటి పని ఏదైనా జరుగుతుంటే కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!