మందుతో పాటు ఒక పని

ఇంటర్ చదువుతుండగా మన హాస్టల్ అన్న ఒకతను నిద్ర మానేశాడు, తనలో తాను మాట్లాడుకునేవాడు. ఇంటివాళ్ళు ముందు భూతవైద్యుడికి, తర్వాత రాజమండ్రిలో మానసిక వైద్యుడికి చూపించారు. మందులతో నెమ్మదించాడు గానీ "పిచ్చోడు" అన్న పేరు పోలేదు. ఆ మాట అన్నవాళ్ళలో మేమూ ఉన్నాం.

వైద్యుడి దగ్గర పనిచేసే కౌన్సెలర్ అతణ్ణి "నీకేం బాగా వచ్చు?" అని అడిగారట. "అంటు కట్టడం" అన్నాడు. తండ్రిది కడియం నర్సరీలో కూలిపని, చిన్నప్పుడే నేర్చుకున్నాడు.

ఈ ప్రశ్న వెనుక ఒక పద్ధతి ఉంది. 1980 దశకంలో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ రాప్, ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. జబ్బు లక్షణాలతో పాటు ఆ మనిషికి ఏం వచ్చు, ఏమిష్టం, ఎవరు తోడున్నారు అన్నవి కూడా రాసుకుంటారు. ఏం కావాలో అతనే చెప్పాలి. అందుకు సాయం సొంత ఊళ్ళోనే వెదుకుతారు. మందులు మాత్రం మానకూడదు.

నర్సరీ యజమాని ఒప్పుకున్నాడు. పొద్దున మందు మత్తు ఉంటుంది కనుక మధ్యాహ్నం రెండు గంటలే పని. ఏడాది తర్వాత నయమైందని మందులు ఆపేశాడు, జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ వైద్యం చేయించారు. ఆ పని మాత్రం అతని కోసం అలాగే ఉంచారు. అది చాలా పెద్ద విషయమని మా అభిప్రాయం.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటివారికి సమాజంలో అందరితో కలిసి బతికే హక్కునిచ్చింది. మనలో ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే 2022లో మొదలైన టెలీ మానస్‌కు, 14416కు, ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

ఈ వార్షికోత్సవానికి ఆ అన్నకూ కార్డు పంపాం. వస్తానన్నాడు.