చిత్తు కాగితములతో దసరా కార్డులు

శరదృతువు వచ్చినది. దసరాకు ముందు ఇల్లు దులుపుట మన యిండ్లలో వాడుక. ఆ దులుపుటలో అటకమీదినుండి కాగితముల మూట యొకటి తప్పక దిగివచ్చును. పిల్లల పాత నోటుపుస్తకములు, జాబుల కవర్లు, నిరుటి క్యాలెండరు, ఎవరివో జ్ఞప్తికి రాని పెండ్లి శుభలేఖలు! కాగితము కాలికి తగిలినచో కన్నుల కద్దుకొను మనకు వానిని తూకమున కమ్మివేయుటకు మనసొప్పదు. వినాయకుని బొమ్మ గల శుభలేఖనైతే మరియును. సోదరీమణులారా! బంధువులకు పంపు పండుగ కార్డులను ఆ మూటతోనే చేసికొనవచ్చును.

చేతికాగితపు పని మనకు క్రొత్త కాదు. 1934లో వార్ధాలో నెలకొనిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము చేపట్టిన పనులలో ఇదియు నొకటి. ఇంటిలో చేయుదానికి యంత్రములు అక్కరలేదు.

మొదట కాగితములను ఏరవలెను. నోటుపుస్తకముల కాగితము, కవర్ల కాగితము మేలైనవి. వార్తాపత్రికల కాగితము బూడిదవన్నెకు తిరుగును, కొలదికాలములో పసుపువారును. ప్లాస్టికు పొర వేసిన శుభలేఖలు నానవు. వానిపై బొమ్మలను మాత్రము కత్తిరించి దాచుకొనుడు. అంగళ్లలో ఇచ్చు నున్నని బిల్లులను బొత్తిగా కలుపరాదు. అవి వేడికి నల్లబడు రసాయనపు పూతగలవి; పిల్లలు చేతులతో పిసుకునట్టి గుజ్జులో అట్టివి ఉండుట మంచిది కాదు.

ఏరిన కాగితములను బొటనవ్రేలి గోరంత ముక్కలుగా చింపి రాత్రియంతయు నీట నాననీయుడు. కత్తెరకంటె చేతితో చింపుటయే మేలు. చింపిన అంచున నారలు విడివడి యుండును. ఉదయమున పిడికెడు ముక్కలకు రెండు మూడు గ్లాసుల నీరు పోసి మిక్సీలో కొద్ది కొద్దిగా త్రిప్పవలెను. నీరు తక్కువైనచో మిక్సీ వేడెక్కును. రోటిలో రుబ్బినను చక్కగా వచ్చును గాని ఓపిక కావలెను. ఇందులో గరిటెడు పలుచని గంజి కలిపినచో, తరువాత వ్రాయునపుడు సిరా అంతగా ప్రాకదు. చిటికెడు పసుపు వేసిన లేత పసుపువన్నె వచ్చును. దానికి రవంత సున్నము తగిలిన పారాణివలె ఎఱ్ఱబడును. పసుపు ఎండకు వెలియును గనుక అట్టి కార్డును కిటికీ దగ్గర నిలుపరాదు.

పాత పటపు చట్రమునకు దోమతెర గుడ్డను బిగువుగా మేకులతో కొట్టినచో జల్లెడ సిద్ధము. వెడల్పైన తొట్టిలో నీరు పోసి, గుజ్జు కలిపి, చట్రమును ఏటవాలుగా ముంచి, సమముగా పైకెత్తి, అటునిటు మెల్లగా కదపవలెను. ఈ కదలికలోనే పనియంతయు ఉన్నది. గుజ్జు ఒకచోట దట్టముగా, ఒకచోట చిల్లులుగా వచ్చినచో విసుగొందక మరల తొట్టిలో కడిగివేయుడు. నాకు మొదటి అయిదును అట్లే పోయినవి. నీరు కారిన పిదప పాత నూలుచీర ముక్కపై బోర్లించి, పైన మరియొక గుడ్డ వేసి, పీట పెట్టి, దానిపై బరువుంచుడు. అటుపై నీడనే ఆరవేయుడు, ఎండలో మెలిదిరుగును. ఆశ్వయుజమున ముసురు పట్టినచో రెండు దినములైనను పట్టును. మిగిలిన గుజ్జును మాత్రము తూములో పోయరాదు, అడ్డుపడును. పిండి ఉండలు చేసి ఆరబెట్టినచో మరల పనికివచ్చును.

జమ్మిఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి పాదములకు మ్రొక్కుట తెలంగాణమున దసరానాటి ఆచారము. తడి కాగితముపై ఒక రెమ్మ నుంచి పీటతో అదిమినచో ఆకు అందులోనే హత్తుకొనును. ఊరిలోనివారికి, పొరుగు జిల్లాలవారికి ఇది ఎంతో ముచ్చటగా నుండును. ఆస్ట్రేలియా వంటి దేశములకు పంపు కార్డులలో ఆకులు, గింజలు పెట్టరాదు. అచ్చటి అధికారులు ఆపివేయుదురు. వారికి శుభలేఖనుండి కత్తిరించిన బొమ్మయే చాలును.

ఇక నా పొరపాటు చెప్పవలసియున్నది. మూడేండ్ల క్రిందట తొందరలో ఒక కట్టను విప్పి చూడకయే చింపి నానవేసితిని. ఉదయమున తొట్టిలో చేయి పెట్టగా ముక్కలమీద చుక్కలు కనబడినవి. అవి కాలము చేసిన మా అత్తగారి ముగ్గులు! ఆమె ఏ కాగితమును పాఱవేయక, పిల్లల పరీక్షకాగితముల వెనుకవైపున ముగ్గులు వేసికొని దాచుకొనెడివారు. ప్రక్కన సిరాతో వ్రాసిన అక్షరములన్నియు కరిగి నీరు నీలమైనది. పెన్సిలు గీతకు నీటివలన చెరుపు లేదు. అందుచేత నాలుగు ముక్కలు మాత్రము దక్కినవి. వానిని గుడ్డల నడుమ ఆరబెట్టితిని. ఆ దినమున గుజ్జు రుబ్బుటకు నాకు చేయి ఆడలేదు.

మా ఆడపడుచునకు ఏమని చెప్పుదును? చెప్పక దాచుటయా? రెండు దినములు తటపటాయించి, ఆ నాలుగు ముక్కలను ఒక కార్డుపై మైదా జిగురుతో అంటించి, జరిగినదంతయు లోపల వ్రాసి విశాఖపట్టణమునకు పంపితిని. వారమైనను జవాబు లేదు, ఫోనును లేదు. ఆమెకు కోపము వచ్చినదని నిశ్చయించుకొంటిని.

దీపావళికి ముందు కవరు వచ్చినది. లోపల కరెంటు బిల్లు వెనుక పెన్సిలుతో వేసిన పూర్తి ముగ్గు. దాని క్రింద ఇట్లు వ్రాసినది: “వదినా, ఇది 15 చుక్కలు, సందుచుక్క, 8 వచ్చువరకు. నీవు పంపిన ముక్కలు కుడివైపు అంచువి. మధ్య తామర నాకు మూడుమార్లు తప్పినది, నాలుగవమారు అమ్మ చేయి జ్ఞప్తికి వచ్చినది. మిగిలిన కట్టలను చింపకుము, సంక్రాంతికి నేను వచ్చి చూచెదను.”

ఆమె వచ్చినది. అటకమీద ఇంకను రెండు కట్టలు దొరకినవి. ఆ కరెంటు బిల్లు ప్రతి దసరాకు మా బొమ్మల కొలువులో క్రింది మెట్టున, చెట్టియారు బొమ్మ ప్రక్కన ఉండును.