ఒకే శాసనము, రెండు అచ్చులు

శాసనపాఠమును నిర్ణయించువారికి మూలశిల ఎల్లప్పుడు అందుబాటులో నుండదు. పెక్కుమారులు ఎస్టాంపేజి యనబడు కాగితపు అచ్చునే చదువవలసి యుండును. ఒకే శిలకు వేర్వేరు కాలములందు తీసిన రెండు అచ్చులు లభించినపుడు, వానిలోని భేదములను గుర్తించుట యెట్లు? ఇది తేలికపనిగా తోచును. కాని ఒక్క గీత భేదముచే దాత పేరో, దానకాలమో మారిపోవచ్చును.

మొదట అచ్చు తీయు విధమును తెలిసికొనవలెను. శిలను కడిగి, తడికాగితమును పరచి, కుంచెతో కొట్టుదురు. కాగితము అక్షరముల పల్లములలోనికి దిగిన పిదప గుడ్డమెత్తతో సిరా అద్దుదురు. పైతలము నల్లనగును, అక్షరము తెల్లగా మిగులును. అయితే శిలలోని పగులును, పెచ్చూడిన చోటును, కాగితపు ముడుతయు తెల్లగనే పడును. కావున తెల్లని గీత యెల్ల అక్షరభాగము కాదు.

ఒక అచ్చులోనే కనిపించు గీత ముడుత కావచ్చును, సిరా అద్దుటలోని లోపము కావచ్చును, లేదా రెండు అచ్చుల నడిమికాలమున శిలకు కలిగిన నష్టము కావచ్చును. రెంటియందును కనిపించు గీత శిలలో నున్నదే యగుట మిక్కిలి సంభావ్యము. అది ఉలిచెక్కడమో, పగులో యనుట అప్పటికిని తేలదు. దాని వెడల్పును, లోతును అదే శాసనములోని ఇతరాక్షరములతో పోల్చవలెను. ఏటవాలు వెలుతురులో, ఎడమనుండి యొకమారు, కుడినుండి యొకమారు తీసిన ఛాయాచిత్రములు ఇందులకు తోడ్పడును.

తెలుగు అంకెలలో ౨, ౩ అనునవి పోలికలో దగ్గరివి. పదుల స్థానమున ఒక గీత చెడినచో శకవర్షము 1135 కాస్త 1125 అగును; అనగా క్రీ.శ. 1213 బదులు 1203. ఈ రెండు సంవత్సరములును కాకతి గణపతిదేవుని పాలనలోనివే (1199–1262). కావున రాజు పేరు తెలిసినంత మాత్రమున సంశయము తీరదు. తిథివారములు చెప్పబడియున్నచో గణితము సాయపడును. లేనిచో ఆ గీతయే శరణ్యము.

ఆంధ్రదేశమునకు వెలుపల బోధించు నాకు ఈ విషయమున ఒక పాఠము లభించినది. ఒక శాసనపు రెండు అచ్చులను తరగతిలో ఇచ్చి భేదములను గుర్తింపుడంటిని. మాతృభాష తెలుగు కాని యొక విద్యార్థిని, నేను పలుమార్లు చదివిన పంక్తిలోనే ఒక చిన్న గీతను చూపినది. ప్రాచీనలిపిలో చ, వ లు మిక్కిలి దగ్గరగా నుండును. నేను ‘వ’ను ఆశించి ‘వ’నే చూచితిని, ఆమె చదువక, ఆకారమును మాత్రమే చూచినది. పిదప శిలను పరీక్షింపగా నా పాఠమే తప్పని తేలినది.

నాటినుండి రెండు అచ్చులను ఒకే పరిమాణమునకు తెచ్చి, గళ్లుగా విభజించి, గడివెంట గడి పోల్చుచున్నాను. నేడు కంప్యూటరు ఒకదానిపై నొకటి నిలిపి భేదములను క్షణములో చూపగలదు; కాని తడికాగితము సాగిన చోటనెల్ల భేదమే కనిపించును. కారణమును మనమే వెదకవలెను.

యుద్ధమల్లుని బెజవాడ శాసనము మధ్యాక్కరలలో నున్నది. అట్టి పద్యశాసనములకు యతిప్రాసలు మంచి పరీక్ష. అయినను ఛందస్సు కోరిన అక్షరమును శిలపై చూచుట ప్రమాదము. తొలుత భేదమును వ్రాసికొని, పిదప కారణమును విచారించి, కడపటనే పాఠమును నిర్ణయింపవలెను.